నర్సింగ్ చదివే అమ్మాయికి చేతి గడియారం కావాలా, ఫోన్ చాలదా?

గోదారిగట్టు:
మా చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం. వార్డు డ్యూటీకి సెకన్ల ముల్లున్న వాచీ తెచ్చుకోమన్నారట. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉండగా ఇంకా వాచీ దేనికని ఇంట్లో అంటున్నారు. పోనీ స్మార్ట్‌వాచ్ కొనిస్తే సరిపోతుందా? బడ్జెట్ పదిహేను వందల లోపు.

వార్డుసిస్టర్:
ఫోన్‌తో కుదరదండీ. నాడి చూసేటప్పుడు వేళ్లు రోగి మణికట్టు మీద, కళ్లు ముల్లు మీద ఉండాలి. బొటనవేలితో మాత్రం చూడకూడదు, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేస్తాం. లయ తప్పుతోందంటే నిమిషమంతా లెక్కపెట్టాల్సిందే. ఆ తర్వాత చెయ్యి వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు ఉండి, ఛాతీ కదలికను ఇంకో నిమిషం లెక్కపెట్టాలి. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి తీరే మారిపోతుంది. ఇంత పనిలో ఫోన్ లాక్ ఎవరు తీస్తారు?

సెలైన్ కూడా అంతే. 500 మి.లీ. నాలుగు గంటల్లో ఎక్కాలి, సెలైన్ గొట్టం సెట్ మీద మి.లీ.కి 20 చుక్కలని రాసి ఉందనుకోండి. 500 × 20 ÷ 240 నిమిషాలు, అంటే నిమిషానికి 42 చుక్కలు. వాచీ ఉన్న చేతిని చుక్కలు పడే డ్రిప్ ఛాంబర్ పక్కకు ఎత్తితే చుక్క, ముల్లు ఒకే చూపులో కనిపిస్తాయి. రెండో చేత్తో చుక్కల వేగం మార్చే రోలర్ తిప్పుతూ 15 సెకన్లకు పదో పదకొండో పడేలా చూసి, చివర్లో నిమిషమంతా సరిచూడాలి.

స్మార్ట్‌వాచ్ చూపించే గుండె లెక్క పెట్టుకున్నవాళ్లది, రోగిది కాదు.

వాచీలకొట్టు:
తెల్ల డయల్, నల్ల అంకెలు, 60 గీతలూ విడివిడిగా ఉన్న క్వార్ట్జ్ వాచీ తీసుకోండి. సెకన్ల ముల్లు కొస గీతల దాకా రావాలి. చిన్న వలయంలో తిరిగే ముల్లయితే వద్దు, చదవలేరు. సెల్ అయిపోవస్తే కొన్ని మోడళ్లలో ముల్లు రెండేసి సెకన్లు ఒకేసారి గెంతుతుంది. టైమ్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు, కానీ నాడి లెక్క అక్కడే తప్పుతుంది. ఎస్ఆర్626 సెల్ పట్టే వాచీలో ఎల్ఆర్626 కూడా పడుతుంది, చౌక కూడా. అయినా వద్దు: అది ఆల్కలైన్, తొందరగా అయిపోతుంది, కారిందంటే మిషన్ పోతుంది. మూత వేసేటప్పుడు రబ్బరు రింగు గాడిలో కూర్చోకపోతే గాజు లోపల ఆవిరి పడుతుంది.

హైజీన్‌ముఖ్యం:
మణికట్టు వాచీకి నేను ఒప్పుకోను. చేతులు కడిగినా, శానిటైజర్ రాసినా బెల్టు కింద చర్మానికి అందదు. బ్రిటన్ ప్రభుత్వ (ఎన్‌హెచ్‌ఎస్) ఆసుపత్రుల్లో రోగుల్ని చూసేవాళ్లు మోచేతి కింద వాచీ పెట్టుకోకూడదు. యూనిఫామ్‌కి తగిలించే ఫాబ్ వాచీ కొనండి. డయల్ తలకిందులుగా వేలాడుతుంది, తల వంచితే మనకు నిటారుగా కనిపిస్తుంది.

వార్డుసిస్టర్:
శుభ్రత మాట నిజమే. కానీ ఛాతీ మీద ఫాబ్ ఉంటే చుక్కనీ ముల్లునీ ఒకేసారి చూడలేం. పిన్ను కాకుండా క్లిప్పు ఉన్నదైతే ఊడదీసి ఛాంబర్ పక్కన పట్టుకోవచ్చు, తర్వాత తుడుచుకోవాలి. సిలికాన్ తొడుగైతే తుడవడం తేలిక. మణికట్టుకి ఒప్పుకుంటారో లేదో కొనేముందు కాలేజీలో అడగమనండి.