ఇంటి ఫైబర్ కనెక్షన్ మీద టోర్ రిలే: అనుభవం ఉన్నవారి సలహా కావాలి

కూకట్‌పల్లిలోని మా ఇంటి ఫైబర్ కనెక్షన్ మీద వాడేవారి గుర్తింపు దాచేందుకు ట్రాఫిక్‌ను పలువురు స్వచ్ఛందంగా నడిపే కంప్యూటర్ల (రిలేల) మీదుగా పంపే టోర్ నెట్‌వర్క్ కోసం, ఆ దారి మధ్యలో ఉండే ఒక మిడిల్ రిలే నడపాలని అనుకుంటున్నాను. బయటి వెబ్‌సైట్లకు కనిపించేది దారిలో చివరిదైన ఎగ్జిట్ రిలే చిరునామా కాబట్టి ఫిర్యాదులు కూడా దానికే వస్తాయి. ఇంటి నుంచి ఆ జోలికి వెళ్లే ఉద్దేశం లేదు.

మొదటి చిక్కు ఐపీ చిరునామాది. మా ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీవీ4 చిరునామాను అనేక ఇళ్లకు పంచే సీజీనాట్ పద్ధతిని వాడుతున్నందున, రౌటర్‌లో పోర్టు తెరిచినా బయటి కనెక్షన్లు లోపలికి రావు. కొత్త తరహా ఐపీవీ6 చిరునామా ఒక్కటే ఉంటే రిలేకు చాలదు. హైదరాబాద్‌లో గృహ కనెక్షన్‌కు స్టాటిక్ ఐపీ (మారని, సొంత పబ్లిక్ చిరునామా) తీసుకున్నవారు, అందుకోసం వ్యాపార ప్లాన్‌కు మారవలసి వచ్చిందో లేదో దయచేసి తెలియజేయగలరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది రెండవ విషయం. రిలేల చిరునామాలన్నీ బహిరంగ జాబితాలో ఉంటాయి, ఎగ్జిట్ కానివాటిని కూడా గుడ్డిగా అడ్డుకునే సైట్లు ఉన్నాయి. అదే కనెక్షన్ మీద నాన్నగారు బ్యాంకు పనులు, చెల్లెలు పరీక్షల దరఖాస్తులు చూసుకుంటారు. వారిని ఇబ్బంది పెట్టి చేసే సేవ నాకు సమ్మతం కాదు. ఆ బహిరంగ జాబితాలో చేరని రిలే అయిన బ్రిడ్జ్ నడపడం మేలా, లేక నెలవారీ అద్దెకు వీపీఎస్ (డేటా సెంటర్‌లోని వర్చువల్ సర్వర్) తీసుకుని రిలేను అక్కడ నడపడమా? సీజీనాట్ వెనుక నుంచి కూడా పనిచేసే స్నోఫ్లేక్ ప్రాక్సీ (టోర్‌ను అడ్డుకునే చోట్ల ఉన్నవారికి తాత్కాలిక దారి ఇచ్చేది) ఎలాగూ ఉంది గాని, అది చివరి మార్గం.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సర్వీస్ ప్రొవైడర్లు, మధ్యవర్తులు మొదలైనవారు తమ వ్యవస్థల కార్యకలాపాల నమోదులను (లాగ్‌లను) 180 రోజులు భద్రపరచాలంటున్నాయి. సొంతంగా రిలే నడిపే వ్యక్తి ఆ పరిధిలోకి వస్తాడా అన్నది న్యాయవాదిని అడిగి తెలుసుకున్నవారు ఎవరైనా ఉన్నారా?