స్లాబు కింద గదిలో బీరు: డబ్బా 37 డిగ్రీలకు పోయింది, ఏం చేయాలి?

అడిగింది: పైపోర్షన్ (హన్మకొండ)

మొదటిసారి బీరు చేశాను, పాడైంది. మాది నక్కలగుట్టలో పై పోర్షన్. మీద స్లాబు తప్ప ఇంకేం లేదు, ఏప్రిల్‌లో రాత్రి 11కి కూడా గది 33 డిగ్రీలు. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసం మరిగించి, చల్లారింది అనుకున్నాక 20 లీటర్ల డబ్బాలో పోసి దాన్ని పులియబెట్టే యూఎస్-05 రకం బీరు ఈస్ట్ వేశాను. మూడు గంటల్లోనే ఎయిర్‌లాక్ (గ్యాసును బయటికి వదిలి గాలిని లోపలికి రానీయని మూత) గుడగుడమంది, నేను తెగ సంబరపడ్డాను. మర్నాడు డబ్బాకు థర్మామీటర్ అంటిస్తే 37! గది కంటే డబ్బా ఎందుకు వేడిగా ఉందో అర్థం కాలేదు. రెండు వారాలకు రుచి చూస్తే థిన్నర్ వాసన, గొంతులో మంట, అర గ్లాసుకే తలనొప్పి. ఈస్ట్ చచ్చిపోయిందా? పురుగు పట్టిందా? ఏసీ కొనే స్తోమత లేదు.

పరకాల అన్న

ఈస్ట్ చావలేదు తమ్ముడూ, రెచ్చిపోయింది. చక్కెర తినేటప్పుడు అదే వేడి పుట్టిస్తుంది. అందుకే జోరుగా పులిసేటప్పుడు డబ్బా గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. గది థర్మామీటర్‌ని నమ్మకు. ఆ వేడిలో ఫ్యూసెల్ అనే ఘాటు ఆల్కహాల్స్ తయారవుతాయి. నీ మంట, థిన్నర్ వాసన వాటి పనే అయి ఉంటుంది. ఎన్నాళ్లు నిల్వ పెట్టినా పెద్దగా తగ్గవు, పారబోయి.

అసలు తప్పు మొదట్లోనే జరిగింది. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడేస్తాం కదా, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. రసం 18కి దిగాకే ఈస్ట్ వేయాలి. మొదటి మూడు రోజులు 18–20 దాటనీయకు, మంచి చెడు రుచులు ఎక్కువగా అప్పుడే పుడతాయి. జోరు తగ్గాక 22కి పోయినా నష్టం లేదు, పులిసేటప్పుడు పుట్టిన వెన్న వాసన ఏమైనా ఉంటే అదీ పోతుంది.

ఏసీ ఎందుకు, నీళ్లు చల్లబరిచే మట్టి రంజన్ మనకు లేదా? తడి ఆరుతుంటే చల్లబడే అదే సూత్రం. పెద్ద టబ్బులో నీళ్లు పోసి డబ్బాను మెడ దాకా దింపు. పైన తడి లుంగీ చుట్టి, దాని అంచు నీళ్లలో ఉండేలా చూసి ఫ్యాన్ పెట్టు. మన ఎండ పొడి ఎండ కాబట్టి బాగా పనిచేస్తుంది, ముసురులో మాత్రం దండగ. అయినా లుంగీ ఒక్కటే 20కి దించలేదు, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన లీటరు సీసాలు టబ్బులో వేస్తూ మార్చాలి. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ దొరికితే టెంపరేచర్ కంట్రోలర్ తగిలించు, దాని సెన్సర్ డబ్బాకు అంటించి పైన థర్మోకోల్ కట్టు. ఈ తిప్పలేవీ వద్దంటే క్వైక్ ఈస్ట్ వాడు. నార్వే పల్లెల్లో తరాలుగా కాపాడుకుంటున్నది, 35 డిగ్రీల్లో కూడా హాయిగా పనిచేస్తుంది.

ఈతవనం

మా ఊళ్లో పొద్దుగాల దించిన కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పుల్లగా తయారవుతుంది. చలికాలం అయితే ఇంకాసేపు ఆగుతుంది. వేడి సంగతి గౌడన్నలకు థర్మామీటర్ లేకుండానే తెలుసు. ఒక్క మాట: మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, తాగేది నువ్వొక్కడివే అయినా సరే.

పైపోర్షన్

లైసెన్సు మాట నిజంగా తెలియదు, ఆపేశాను. అయినా ఉబలాటం ఆగక డబ్బాలో ఉత్త నీళ్లు పోసి టబ్బు పద్ధతి చూశాను. మూడు సీసాలకు 33 నుంచి 27కి దిగింది, అంతే. అంటే పూటకు ఆరేడు కావాలి. ఇప్పటికే ఫ్రీజర్‌లో చికెన్‌కు జాగా లేదని అమ్మ గొడవ. జూన్‌లో డల్లాస్‌లో మా బావ దగ్గరికి పోతున్నాను, అక్కడ ఇంటి వాడకానికి చేసుకోవచ్చట. ఆయన గరాజ్ కూడా మన స్లాబు గది లాంటిదే. పరకాల అన్నా, క్వైక్ వేసేటప్పుడు కూడా రసాన్ని 18 దాకా చల్లార్చాలా, 35 దగ్గరే వేయొచ్చా?

పరకాల అన్న

35 దగ్గరే వేయి. దానికి చలి అంటేనే చిరాకు.