పొలంలో వదిలేసిన కరెంటు పోల్లు: తీయించే ఖర్చు రైతుదేనా?

దేవరకొండ దగ్గర మా వరి పొలంలో పాత ఎల్టీ (తక్కువ వోల్టేజీ) లైను తాలూకు నాలుగు 8 మీటర్ల సిమెంటు పోల్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మిగిలిపోయాయి. హెచ్‌వీడీఎస్ (11 కేవీ లైనునే బోర్ల దాకా తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే పద్ధతి) కింద కరెంటు సంస్థ వాళ్లు బోర్లకు 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి, పాత 63 కేవీఏది దించుకుపోయారు. ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపేది), ఛానెళ్లు (పోలుకు బిగించిన ఇనుప అడ్డకమ్ములు), ఎల్టీ తీగలు అట్లనే ఉన్నాయి. 11 కేవీ లైనుతో కలిపే తీగ ముక్కలు (జంపర్లు) విప్పేసే ఉన్నాయి (అయినా తీగల్ని భూమికి కలిపి ఎర్త్ చేయనిదే ముట్టుకోం).

అసలు భయం చివరి పోలుతోనే. పోలును నేలకు లాగి పట్టే స్టే వైరు ఎవరో కోసుకుపోయారు, తీగల లాగుడంతా ఒకవైపే పడి లైను వైపు ఒరిగింది. పోలు మొదలు దగ్గర సిమెంటు పెచ్చులూడి లోపలి కమ్ములు తుప్పుపట్టి కనబడుతున్నాయి. హార్వెస్టర్ తిరగాల్సింది దాని పక్కనుంచే.

పోలు నంబర్లు, సర్వే నంబరు, ఫోటోలతో సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాం. టోల్‌ఫ్రీలో పెట్టిన ఫిర్యాదును ‘లైను చార్జిలో లేదు’ (అందులో కరెంటు లేదు) అని మూసేశారు. ఆఫీసులోనేమో లైన్ షిఫ్టింగ్ ఎస్టిమేట్ వేసి డీడీ కట్టమంటున్నారు. ఎక్కడికి మార్చేది ఉందని షిఫ్టింగ్? ఇది డిస్‌మాంట్లింగ్ (విప్పి తీసేయడం), సామాను వాళ్ల స్టోర్‌కే పోతుంది.

ఇలాంటి డెడ్ లైనును కరెంటు సంస్థ ఖర్చుతోనే తీయించుకున్నవాళ్లు, దరఖాస్తు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) పైన ఎవరికి, ఏమని రాసి పెట్టారు?