సన్‌స్క్రీన్ పాట కోసం ఆల్బమ్ మొత్తం కొనొచ్చా?

చెవులపిల్లి:
బాజ్ లర్మన్ ‘ఎవ్రీబడీస్ ఫ్రీ (టు వేర్ సన్‌స్క్రీన్)’ గురించి అడుగుతున్నా. ఒకాయన తీరిగ్గా సలహాలు చెప్పుకుంటూ పోతాడు, వెనకాల కోరస్ వస్తుంటుంది, అదే. అది ఉన్న ‘సమ్‌థింగ్ ఫర్ ఎవ్రీబడీ’ సీడీ సెకండ్ హ్యాండ్‌లో కనిపించింది. కొనేముందు మూడు అనుమానాలు. ఆ గొంతు లర్మన్‌దేనా? అది అమెరికన్ రచయిత కర్ట్ వానెగట్ అక్కడి ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం పట్టభద్రులకిచ్చిన ప్రసంగం అంటారు, నిజమేనా? మిగతా ఆల్బమ్ కూడా ఇలాగే ఉంటుందా?

పాతరికార్డు:
మొదటి రెండూ కాదండీ. మూడోది అస్సలు కాదు.

గొంతు లీ పెర్రీది. రెగె సంగీతంలో ఆ పేరుతో ఒక మహానుభావుడు ఉన్నాడు, ఆయన కాదు. ఈయన ఆస్ట్రేలియాలో వాయిస్ యాక్టర్. లర్మన్ సినిమా డైరెక్టర్, ఇందులో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. అయినా క్రెడిట్ ఆయన పేరు మీదే ఉంది కాబట్టి జనం గొంతూ ఆయనదే అనుకుంటారు.

ఇక వానెగట్ కథ. 1997లో ఎమ్‌ఐటీ స్నాతకోత్సవంలో మాట్లాడింది అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్. ఈ సలహాలు రాసింది మేరీ ష్మీక్, ‘షికాగో ట్రిబ్యూన్’లో కాలమిస్టు. 1997 జూన్ 1న అచ్చయింది. నన్నెవరైనా ఇలాంటి సభకు పిలిస్తే ఏం చెబుతాను అని ఊహించుకుని రాసిన కాలమ్ అది. ఒక శుక్రవారం మధ్యాహ్నం కాఫీ, ఎమ్ అండ్ ఎమ్స్ చాక్లెట్ల మత్తులో రాసేశానని తర్వాత ఆవిడే చెప్పుకుంది. ఎవరో దానికి వానెగట్ పేరు తగిలించి ఈమెయిల్‌లో వదిలారు. పెద్దాయన పేరుంటే చాలు, ఎవరూ వెనకా ముందూ చూసుకోరు కదా, ఊరూరా తిరిగింది.

పాట పుట్టింది కూడా ఆ ఈమెయిల్‌తోనే. లర్మన్, ఆయనతో కలిసి పనిచేసిన ఆంటన్ మాన్‌స్టెడ్, జోష్ అబ్రహామ్స్ రీమిక్స్ చేస్తూ కూర్చున్నప్పుడు అది మాన్‌స్టెడ్‌కి వచ్చింది. వాడుకుందాం అనుకున్నారు, కానీ వానెగట్ అనుమతి టైముకి దొరుకుతుందా అని టెన్షన్. ఇంటర్నెట్‌లో వెతికితే అసలు రచయిత్రి బయటపడింది. ఆవిడకి మెయిల్ చేసి హక్కులు తీసుకుని మర్నాడే రికార్డ్ చేశారు.

వెనకాల పాట 1991లో రోజాలా పాడిన డ్యాన్స్ హిట్. లర్మన్ తీసిన 1996 ‘రోమియో ప్లస్ జూలియెట్’ చర్చి సీన్‌లో క్విండన్ టార్వర్ అనే కుర్రాడు దాన్ని కోరస్‌తో పాడాడు. ఆ ట్రాక్ మీదే ఈ మాటలు పరిచారు.

గొణుగుడు:
నాకైతే చిరాకు. పళ్ళ సందులు దారంతో శుభ్రం చేసుకో, ఎండలో క్రీమ్ రాసుకో అని ఎవడో చెబితే అది నంబర్ వన్ ఎలా అయిందో అర్థం కాదు.

పాతరికార్డు:
గొణుగుడు గారూ, అయింది మరి. 1999 జూన్‌లో బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానం. మాటలకు ట్యూన్ లేదు, చెప్పేవాడు పాడడు, అయినా విడిగా సింగిల్‌గా అమ్ముడైంది!

నా లెక్కలో రహస్యం పెర్రీ చదివిన తీరులో ఉంది. మందు సీసాతో వచ్చే కాగితం చదువుతున్నట్టు చదువుతాడు. ఎక్కడా గద్గదం లేదు, నీతిబోధ వాసన లేదు. భయపెట్టే సలహా అయినా పళ్ళ సందులు శుభ్రం చేసుకునే సలహా అయినా ఒకే స్థాయిలో పలుకుతాడు. ఆయన ఊపిరి తీసుకునే చోట కోరస్ పైకి లేస్తుంది. ఉద్వేగం అంతా దానికి వదిలేశాడు. ఇదే వాచకం బొంగురు గొంతుతో, కన్నీళ్ళు పెట్టుకుంటూ ఒక నటుడు చదివి ఉంటే మీకంటే ముందు నేనే ఆపేసేవాణ్ణి.

రాతలోనూ ఒక చమత్కారం ఉంది. సన్‌స్క్రీన్ ఒక్కదానికే శాస్త్రవేత్తల రుజువు ఉంది, మిగతావన్నీ నా సొంత అనుభవం, నమ్మితే నమ్మండి అని మొదట్లోనే చేతులు దులుపుకుంది ష్మీక్. ఇంక వాదించడానికి ఏముంది చెప్పండి?

చెవులపిల్లి:
వివరంగా చెప్పారు, థాంక్స్. మరి మిగతా ఆల్బమ్?

పాతరికార్డు:
అది పూర్తిగా వేరే లోకం. లర్మన్ సినిమాల్లోనూ స్టేజి ప్రదర్శనల్లోనూ వాడిన పాటలు మళ్ళీ చేయించి, రీమిక్సులు కలిపి వేసిన సంకలనం. ఆయన తీసిన ‘స్ట్రిక్ట్‌లీ బాల్‌రూమ్’ సినిమా సరుకుంది, ఒపెరా ఛాయలున్నాయి, డిస్కో ఉంది. పేరుకు తగ్గట్టు అందరికీ ఏదో ఒకటి. ఆ సినిమాలు ఇష్టమైతే హాయిగా సాగుతుంది. మాటల ట్రాక్ కోసమే అయితే మిగతావి దాటేస్తారు, అలాంటిది రెండోది లేదు.

ఒకటి మాత్రం గమనించండి. ఆల్బమ్‌లో ఈ ట్రాక్ ఏడు నిమిషాల పైనే ఉంటుంది. రేడియోకి కత్తిరించింది దాదాపు ఐదు నిమిషాలు. మీరు విన్నది అదే అయితే సీడీలో ఇంకాస్త పొడవుగా వినిపిస్తుంది. ధర మరీ ఎక్కువ కాకపోతే తీసుకోండి. గొణుగుడు గారికి మాత్రం పొట్టి వెర్షనే నయం.