వందో టెస్ట్ ఆడుతున్న కెప్టెన్ని హాఫ్ టైమ్‌కే బయట కూర్చోబెట్టారు, రగ్బీలో ఇది మామూలేనా? (సియా కొలీసి గురించి)

ఉప్పల్_నార్త్‌స్టాండ్:
అందరికీ నమస్తే. నేను చిన్నప్పట్నుంచి క్రికెట్ తప్ప ఇంకోటి చూసినోణ్ణి కాదు. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టారు కదా, అందులో హైదరాబాద్ హీరోస్ అని మన టీమ్ ఉందంటే చూడ్డం మొదలుపెట్టా. అది ఏడుగురు ఆడే సెవెన్స్. బాగా నచ్చి అక్కణ్ణుంచి పదిహేను మంది ఆడే అసలు రగ్బీకి వచ్చేశా, ఇప్పుడు సౌతాఫ్రికా మ్యాచ్ ఉందంటే అర్ధరాత్రైనా కూర్చుంటున్నా.

నా డౌట్ ఏంటంటే, 2025 నవంబర్‌లో పారిస్‌లో ఫ్రాన్స్ మీద మ్యాచ్, కొలీసికి అది వందో టెస్ట్ (దేశాల మధ్య మ్యాచ్), సౌతాఫ్రికాకి రెండు వరల్డ్ కప్పులు గెలిపించిన కెప్టెన్, అలాంటోణ్ణి హాఫ్ టైమ్ అవ్వగానే తీసేసి ఆండ్రే ఎస్టర్‌హైజెన్‌ని దింపారు. దెబ్బ తగిలిందా అంటే అదీ లేదు. మన దగ్గర ధోనీనో రోహిత్‌నో వందో టెస్ట్‌లో లంచ్ తర్వాత నువ్వు కూర్చో అంటే దేశం ఊరుకుంటుందా? వెనక్కెళ్ళి పాత మ్యాచ్‌లు చూస్తే చాలావాటిల్లో సెకండాఫ్‌లో ఎప్పుడో ఒకప్పుడు బయటికొచ్చేస్తున్నాడు. మరి గ్రౌండ్‌లో లేనోడు కెప్టెన్ ఎలా అవుతాడు, అసలు రగ్బీలో కెప్టెన్ చేసేదేంటి? తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

లూజ్‌హెడ్_ప్రాప్:
మంచి ప్రశ్న అడిగావ్ బ్రో. ముందు ఆ పారిస్ మ్యాచ్ సంగతే చూద్దాం. ఫస్టాఫ్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా సౌతాఫ్రికా ఆటగాడు లూడ్ డి యాగర్‌కి రెడ్ కార్డ్ వచ్చింది, అంటే ఇంక మిగిలిన మ్యాచ్ మొత్తం 14 మందితోనే. అతను లాక్, రెండు టీముల వాళ్ళూ గుంపుగా వంగి ఒకళ్ళనొకళ్ళు తోసుకునే స్క్రమ్‌లో వెనకనుంచి బరువంతా తోసేది వాళ్ళే. ఇప్పుడు కోచ్‌కి కావాల్సింది అవసరమైతే స్క్రమ్‌లో తల పెట్టి తోసేవాడు, బంతి బయటికొస్తే సెంటర్‌లా గుద్దుకుంటూ పరిగెత్తేవాడు, ఆ రెండు పనులూ చేయగలిగే మనిషి బెంచ్ మీద ఎస్టర్‌హైజెనే. అందుకని కొలీసిని తీశారు. 32-17తో గెలిచారు కూడా, అదీ ఒక మనిషి తక్కువతో, ఫ్రాన్స్ సొంత గ్రౌండ్‌లో. వందో టెస్ట్ కదా పాపం అని ఉంచేసి ఉంటే ఏమయ్యేదో.

ఇంక మామూలు మ్యాచ్‌ల్లో సెకండాఫ్‌లో తీసేయడం అంటావా, అది కోచ్ రాసీ ఎరాస్మస్ పద్ధతి. 23 మందిలో 8 మంది బెంచ్, అందులో ఆరుగురు ఫార్వర్డ్స్ (స్క్రమ్‌లో తోసే బరువైనోళ్ళు), వీళ్ళనే బాంబ్ స్క్వాడ్ అంటారు. 2023 ఫైనల్‌కైతే ఏకంగా ఏడుగురు ఫార్వర్డ్స్, ఒకే ఒక్క బ్యాక్ (వెనకుండి బంతితో పరిగెత్తేవాడు). ముందు దిగినోళ్ళు ఒంట్లో ఉన్న శక్తంతా ఊడ్చి పెట్టేసి వెళ్ళిపోవాలి, తర్వాత అంతే బరువున్న కొత్తోళ్ళు దిగుతారు, అవతలి టీమ్ అప్పటికే అలిసిపోయి ఉంటుంది. కొలీసి ఫ్లాంకర్, అంటే స్క్రమ్ పక్కన ఉండే ఫార్వర్డ్, ట్యాకిల్ చెయ్యి, లే, రక్‌లో (కింద పడ్డ బంతి కోసం జరిగే తోపులాటలో) దూరు, మళ్ళీ పరిగెత్తు, ఇదే పని. అంచేత అతన్ని తీయడం అవమానం కాదు, ప్లాన్‌లో భాగం. 2023 సెమీఫైనల్‌లో ఇంగ్లండ్ మీద 16-15తో గెలిచారు చూడు, చివర్లో ఆక్స్ ఎన్‌చే వాళ్ళు స్క్రమ్‌లో పెనాల్టీ సంపాదించి పొలార్డ్ దూరంనుంచి కొట్టాడు, అప్పుడు కొలీసి బయటే కూర్చుని ఉన్నాడు.

కెప్టెన్ పని అంటే క్రికెట్‌లోలా ఫీల్డింగ్ పెట్టడం, బౌలర్ని మార్చడం ఇక్కడ ఉండదు. గ్రౌండ్‌లో రెండు ముఖ్యమైన పనులు. పెనాల్టీ వస్తే పోస్టుల మధ్యకి కొట్టి మూడు పాయింట్లు తీసుకోవాలా, కార్నర్‌కి తన్ని లైనౌట్ (పక్క గీత నుంచి బంతి లోపలికి విసరడం) నుంచి ట్రైకి (అవతలి గీత దాటి బంతి నేలకి ఆనించడానికి) వెళ్ళాలా, స్క్రమ్ అడగాలా అన్నది తేల్చడం. రెండోది రిఫరీతో మాట్లాడ్డం. రగ్బీలో రిఫరీ దగ్గరికెళ్ళి వాదించే హక్కు మామూలుగా కెప్టెన్‌కే, మిగతావాళ్ళు నోరెత్తితే పెనాల్టీ ఇచ్చేస్తారు. 2021లో లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ళని కలిపిన టీమ్) సిరీస్‌లో మొదటి టెస్ట్ ఓడాక రాసీ గంటకి పైగా వీడియో చేసి బయటికొదిలాడు కదా, అందులో అతని కంప్లయింట్లలో ఒకటి ఇదే, రిఫరీ లయన్స్ కెప్టెన్ మాట విన్నట్టు మా కొలీసి మాట వినలేదు అని. దానికి రాసీ మీద బ్యాన్ పడింది, అది వేరే సంగతి. ఆ సిరీస్ మాత్రం 2-1తో సౌతాఫ్రికాదే. కెప్టెన్ బయటికొస్తే ఈ పనులు ఎవరో ఒక సీనియర్ చూసుకుంటాడు. వారమంతా టీమ్‌ని ఒక్కతాటి మీద ఉంచడం మాత్రం అసలు కెప్టెన్‌దే.

ఉప్పల్_నార్త్‌స్టాండ్:
థాంక్స్ అన్నా, ఇప్పుడు అర్థమైంది. ఇంకోటి అడగనా, తప్పుగా అనుకోవద్దు. మా గ్రూప్‌లో ఒకాయన, అతను కోటా కెప్టెన్ అని, నల్లజాతి కెప్టెన్ కావాలని పెట్టారని గట్టిగా అంటున్నాడు. నాకు చరిత్ర తెలీక ఏం చెప్పాలో తోచలేదు. నిజంగా అంతేనా?

తీరం_దాటిన_తుఫాను:
ఆ మాట 2018లో చాలామంది అన్నారు, వాళ్ళ దేశంలో కూడా అన్నారు. అందుకే ఈ కథ మొదట్నుంచీ చెప్పాలి, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

కొలీసి పుట్టింది 1991 జూన్ 16. ఆ తారీఖు సౌతాఫ్రికాలో మామూలు రోజు కాదు, 1976లో అదే రోజున సొవెటోలో స్కూలు పిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషుల్ని పుట్టగానే జాతి పేరుతో రిజిస్టర్ చేసే చట్టాన్ని పార్లమెంట్ రద్దు చేసింది అతను పుట్టిన మర్నాడే. ఊరు పోర్ట్ ఎలిజబెత్ పక్కన జ్విడే టౌన్‌షిప్. అమ్మానాన్న ఇద్దరూ అప్పటికి చదువుకునే వయసు పిల్లలే, నాయనమ్మ పెంచింది. తిండికి కూడా కష్టమే, స్కూల్లో పెట్టే తిండి కోసం స్కూలుకెళ్ళిన రోజులున్నాయని తనే చెప్పాడు. నాయనమ్మ పోయింది, అతనికి పదిహేనేళ్ళప్పుడు అమ్మా పోయింది.

రగ్బీ అంటే తెల్లవాళ్ళ ఆట అనుకుంటాం గానీ ఆ ఈస్టర్న్ కేప్ ప్రాంతంలో నల్లజాతి వాళ్ళు మిషన్ స్కూళ్ళ కాలం నుంచీ తరతరాలుగా ఆడుతున్నారు, కాకపోతే స్ప్రింగ్‌బాక్ (సౌతాఫ్రికా జాతీయ టీమ్) జెర్సీ వాళ్ళకి ఇవ్వలేదు అంతే. కొలీసి కూడా టౌన్‌షిప్‌లోనే ఆఫ్రికన్ బాంబర్స్ అనే క్లబ్‌లో మొదలుపెట్టాడు. ట్రయల్స్‌కి నిక్కర్ లేక లోపలేసుకునే బాక్సర్‌తోనే ఆడాడు. పన్నెండేళ్ళ లోపు పిల్లల టోర్నమెంట్ మోసెల్ బేలో జరిగితే అక్కడ అతని ఆట చూసి గ్రే స్కూల్ వాళ్ళు స్కాలర్‌షిప్ ఇచ్చారు. అక్కణ్ణుంచే అతని దారి మారింది. ఆ స్కాలర్‌షిప్ రాని పిల్లలు జ్విడేలో ఎంతమంది మిగిలిపోయారో అని నాకెప్పుడూ అనిపిస్తుంది, ఎందుకంటే అదే మైదానంలో అతనితో ఆడినవాళ్ళలో టాలెంట్ ఉన్నది అతనొక్కడికే అంటే నేన్నమ్మను.

తర్వాత వెస్టర్న్ ప్రావిన్స్, స్టార్మర్స్ టీములకి ఆడాడు. 2013 జూన్‌లో స్కాట్లండ్ మీద నెల్‌స్ప్రూట్‌లో మొదటి టెస్ట్, మ్యాచ్ మొదలైన కాసేపటికే ఆర్నో బోతాకి దెబ్బ తగిలితే బెంచ్ మీంచి దిగి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కొట్టేశాడు. అయినా వెంటనే పాతుకుపోలేదు, 2015 వరల్డ్ కప్‌లో సబ్‌స్టిట్యూట్‌గానే రెండు మ్యాచ్‌లు, అందులో ఒకటి జపాన్ చేతిలో 34-32తో ఓడిన మ్యాచ్. 2017కి స్టార్మర్స్ కెప్టెన్ అయ్యాడు.

ఇప్పుడు కోటా సంగతి. 2016లో ఇటలీ చేతిలో ఓడిపోయారు, 2017లో న్యూజిలాండ్ చేతిలో 57-0. స్ప్రింగ్‌బాక్స్ చరిత్రలో అంత ఘోరంగా ఓడింది లేదు. 2018లో రాసీ కోచ్‌గా వచ్చాడు, అంతకుముందు కెప్టెన్ వారెన్ వైట్‌లీ గాయంతో ఉన్నాడు, కొలీసి టీన్స్‌లో ఉన్నప్పట్నుంచీ వెస్టర్న్ ప్రావిన్స్‌లో రాసీకి తెలుసు, అప్పటికి స్టార్మర్స్‌ని నడుపుతున్నాడు. అలా వచ్చింది కెప్టెన్సీ. టెస్ట్ మ్యాచ్‌లో స్ప్రింగ్‌బాక్స్‌కి మొదటి నల్లజాతి కెప్టెన్, అంతకుముందు 2006లో చిలీబాయ్ రాలెపెల్లే చేశాడు గానీ అది టెస్ట్ కాదు. కొలీసి కెప్టెన్‌గా మొదటి మ్యాచ్ జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో ఇంగ్లండ్ మీద, ఇరవై నిమిషాలు గడిచేసరికి 24-3 వెనకబడ్డారు. రాజకీయ కెప్టెన్ అన్నవాళ్ళకి అంతకంటే అవకాశం ఏం కావాలి. ఆ మ్యాచ్ 42-39తో గెలిచారు. ఆ సిరీస్ గెలిచారు. సెప్టెంబర్‌లో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్‌నే 36-34తో కొట్టారు. మీ గ్రూప్‌లో ఆయనకి ఈ మూడూ చెప్పు చాలు.

2019 వరల్డ్ కప్ ఫైనల్ యోకొహామాలో, ఇంగ్లండ్ మీద 32-12, కొలీసికి యాభయ్యో టెస్ట్. 1995లో మండేలా కప్పు ఇచ్చినప్పుడు వేసుకున్నది అప్పటి కెప్టెన్ పినార్ నంబర్ 6 జెర్సీ, కొలీసిదీ అదే నంబర్. 1995 టీమ్‌లో చెస్టర్ విలియమ్స్ ఒక్కడే తెల్లవాడు కానివాడు. 2019 ఫైనల్ మొదటి పదిహేనులో ఆరుగురు. ఇంకో సంగతి, 1995లో, 2007లో ఫైనల్స్ గెలిచినా సౌతాఫ్రికా ఒక్క ట్రై కొట్టలేదు, ఫైనల్లో వాళ్ళ మొదటి ట్రై కొట్టింది మపింపి, రెండోది కోల్బీ, ఇద్దరూ తెల్లవాళ్ళు కారు. ఇంకా కోటా అంటారేంటండీ.

డర్బన్_సముద్రం:
నేను ఉద్యోగం మీద వచ్చి డర్బన్‌లో ఉంటున్నాను, మాది గుంటూరు. కొలీసి ఆడిన షార్క్స్ ఇక్కడి టీమే, 2021లో వచ్చాడు, 2023 వరల్డ్ కప్ తర్వాత పారిస్‌లో రేసింగ్ 92కి వెళ్ళి 2024లో మళ్ళీ వచ్చేశాడు.

పైన తుఫాను గారు చెప్పినదానికి ఇంకో మాట కలుపుతాను. చెరకు తోటల్లో పనికని తాతల కాలంలో వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి, ఇంటిపేర్లు నాయుడు, రెడ్డి అనే ఉంటాయి, తెలుగు మాత్రం పెద్దవాళ్ళకే కొద్దిగా వచ్చు. వాళ్ళలో పెద్దాయన ఒకరు మా ఆఫీసులో ఉండేవారు, వాళ్ళ నాన్నగారి రోజుల్లో స్టేడియంలో మనవాళ్ళకి వేరే కంచె కట్టి కూర్చోబెట్టేవారట, అక్కడ కూర్చుని అందరూ అవతలి దేశాన్నే సపోర్ట్ చేసేవారట. న్యూజిలాండ్ వస్తే న్యూజిలాండ్‌ని. స్ప్రింగ్‌బాక్ జెర్సీ అంటే వాళ్ళకి అపార్తీడ్ గుర్తు. ఆయన ఇంట్లో ఇప్పుడు మనవలు ఆకుపచ్చ జెర్సీ వేసుకుని తిరుగుతారు, ఆయన కూడా మ్యాచ్ మిస్సవ్వరు. ఇది ఒక్క కొలీసి వల్లే జరిగిందని నేననను, కానీ అతను కెప్టెన్ అయ్యాక వాళ్ళింట్లో మాట మారిందని ఆయనే చెప్పారు. ఉప్పల్ తమ్ముడూ, అతను గ్రౌండ్‌లో ఎన్ని నిమిషాలు ఉన్నాడనేది ఇక్కడెవరూ లెక్కపెట్టరు.

ఇంకోటి, వాళ్ళమ్మ పోయాక తమ్ముణ్ణీ చెల్లెల్నీ ఎవరో పెంచుకుంటుంటే, ఇతను పెద్దయ్యాక వెతికి పట్టుకుని కోర్టు ద్వారా తన ఇంటికి తెచ్చుకున్నాడు. 2020లో ఫౌండేషన్ పెట్టి కోవిడ్‌లో తిండి సరుకులు పంచారు. నాకు అతనంటే గౌరవం ఇక్కణ్ణుంచి మొదలైంది, రగ్బీ తర్వాత నేర్చుకున్నాను.

కివీ_అభిమాని_వైజాగ్:
నేను ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ టీమ్) ఫ్యాన్‌ని, కాబట్టి కాస్త అటువైపు మాట కూడా వినండి. కొలీసి మంచి కెప్టెన్, ఒప్పుకుంటా. కానీ ప్లేయర్‌గా మా పాత కెప్టెన్ రిచీ మెకావ్ పక్కన పెట్టకండి. మెకావ్ 148 టెస్టులు, అందులో 110 కెప్టెన్‌గా, 2011 వరల్డ్ కప్ ఫైనల్ పాదంలో ఎముక విరిగి ఉండగా ఆడాడు, 8-7తో గెలిచారు. అతన్ని తీసేద్దాం అన్న ఆలోచనే ఏ కోచ్‌కీ వచ్చేది కాదు. కొలీసి టీమ్‌లో చూస్తే 2019 ఫైనల్ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ వెర్ములెన్, 2023 ఫైనల్‌లో 28 ట్యాకిల్స్ చేసి నిలబెట్టింది పీటర్ స్టెఫ్ డు టాయిట్. ఆ ఫైనల్‌లో కొలీసికి ఎల్లో కార్డ్, మా సామ్ కేన్‌కి రెడ్, 12-11తో ఓడిపోయాం. నాకు ఇప్పటికీ ఆ రెండు నిర్ణయాలూ మింగుడు పడవు.

లూజ్‌హెడ్_ప్రాప్:
కివీ అన్నా, ప్లేయర్‌గా మెకావ్ పెద్ద అన్నది నేను కాదనను, బంతి దొంగిలించడంలో అతనంతటోడు రాలేదు. కానీ కెప్టెన్‌గా రెండు వరల్డ్ కప్పులు ఎత్తింది ఇప్పటిదాకా ఇద్దరే, మెకావ్ ఒకడు, కొలీసి ఒకడు. పైగా మెకావ్‌కి దొరికింది అప్పటికే గెలవడం అలవాటైన టీమ్, కొలీసికి దొరికింది 57-0 టీమ్. 2023లో ఏప్రిల్‌లో మోకాలి లిగమెంట్ పోయింది, వరల్డ్ కప్ అయిపోయినట్టే అన్నారు అందరూ, ఆగస్టుకల్లా కార్డిఫ్‌లో వేల్స్ మీద దిగిపోయాడు. ఆ కప్పులో క్వార్టర్స్ 29-28, సెమీస్ 16-15, ఫైనల్ 12-11, మూడూ ఒక్కో పాయింటే. మూడు నాకౌట్లు వరసగా ఒక్క పాయింట్‌తో గెలవాలంటే బెంచ్ మీద ఉన్నోడు కూడా కెప్టెన్ మాట నమ్మి దిగాలి.

ఉప్పల్ బ్రో, నువ్వు చూడాల్సినవి చెప్తా. ముందు 2018 ఎల్లిస్ పార్క్ మ్యాచ్ పూర్తిగా చూడు, హైలైట్స్ కాదు. తర్వాత 2021 లయన్స్ రెండో టెస్ట్, హెన్‌షా ట్రై లైన్ దాటి బంతి కింద పెట్టేస్తున్నాడనగా కొలీసి కిందకి దూరి ఆపుతాడు, అది చూశాక ప్లేయర్‌గా ఏం చేస్తాడన్న డౌట్ ఉండదు. ఆఖర్న 2023 ఫ్రాన్స్ క్వార్టర్ ఫైనల్, ఫ్రాన్స్ ఆటగాడు రామోస్ కన్వర్షన్ (ట్రై తర్వాత పోస్టుల మధ్యకి కొట్టే కిక్) కొట్టబోతుంటే కోల్బీ పరిగెత్తుకొచ్చి అడ్డుకున్న మ్యాచ్. అది చూసేటప్పుడు కొలీసి బయటికొచ్చాక కెమెరా బెంచ్ వైపు తిప్పినప్పుడల్లా గమనించు. తర్వాత వచ్చి ఏమనిపించిందో ఇక్కడే రాయి, సెవెన్స్‌కీ దీనికీ రూల్స్‌లో తేడాలు కూడా అప్పుడు మాట్లాడుకుందాం.

ఉప్పల్_నార్త్‌స్టాండ్:
శనివారం ఎల్లిస్ పార్క్ మ్యాచ్‌తో మొదలుపెడతా అన్నా. డర్బన్ అక్కా, ఆ పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పండి. ఆయన రోజుల్లో స్టేడియం ఎలా ఉండేదో వీలైతే ఇంకొంచెం అడిగి రాయండి, చదవాలనుంది.