చర్చ: 'పోర్ట్స్‌మత్ పాయింట్' బొమ్మలో ఉన్నది ప్రేమా, వెక్కిరింతా?

సిరాచుక్క: రెండొందల ఏళ్ల నాటి ఇంగ్లండ్ వ్యంగ్య చిత్రకారుడు రోలాండ్‌సన్ బొమ్మ 'పోర్ట్స్‌మత్ పాయింట్' చూశారా? రేవు ఒడ్డున టావెర్న్ (తాగుడు కొట్టు), పక్కనే వడ్డీ వ్యాపారి బోర్డు, తాగి తూలే నావికులు, వాళ్లను పట్టుకుని వేలాడే ఆడవాళ్లు. నాకైతే ఆ జనం మీద ప్రేమతో గీసినట్టే ఉంది.

సముద్రపుగాలి: ప్రేమా! అప్పట్లో లండన్‌లో టెగ్ అనే బొమ్మల వ్యాపారి కొట్టులో ఇలాంటి రంగు బొమ్మ ఒక షిల్లింగు. బ్రిటిష్ నేవీలో అనుభవమున్న నావికుడి జీతం నెలకు 24 షిల్లింగులు, 1653 నుంచి ఎదుగూబొదుగూ లేదు. రోజుకు షిల్లింగు కూడా పడదు. మరి ఆ బొమ్మ కొని నవ్వుకున్నదెవరు?

పాతబొమ్మలు: తప్పు. 1797లో స్పిట్‌హెడ్ దగ్గర నావికులు చేసిన తిరుగుబాటుతో జీతం పెరిగింది. ఈ బొమ్మ ఆ తర్వాతిది.

సముద్రపుగాలి: పెరిగాకా రోజుకు షిల్లింగు, ఆపైన కాస్త. రోజు కూలి మొత్తం పోసి బొమ్మ కొంటాడా?

పాతబొమ్మలు: కొనడం ఎందుకండీ? కొట్టు కిటికీలో ఊరికే చూడొచ్చు. గిల్‌రే అనే మరో వ్యంగ్య చిత్రకారుడి 1808 బొమ్మలో ముసలాయన జారిపడుతుంటే, వెనక జనం కొట్టు అద్దానికి అతుక్కుపోయి బొమ్మలే చూస్తుంటారు. ముందు 1797 సంగతి ఒప్పుకోండి.

గోడమీదపిల్లి: పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

సిరాచుక్క: ఆ వడ్డీ బోర్డు చూడండి. పారిపోతారేమోనని జీతం నెలల తరబడి ఆపేవారు. చేతికొస్తే ఒక్కసారే. అప్పు తీరగా మిగిలింది ఆ రాత్రికే సరి. చిత్రకారుడు అది గమనించాడు.

సముద్రపుగాలి: గమనించి నవ్వాడు! పదకొండేళ్లు మర్చంట్ నేవీలో చేశాను. విశాఖలో ఇల్లు అద్దెకు అడిగితే "షిప్పు వాళ్లా? తాగి గొడవ చేస్తారు" అన్నాడు ఓనరు. నేను టీ తప్ప ఏదీ ముట్టను. ఆ మాట ఇలాంటి బొమ్మల నుంచి వచ్చిందే.

పాతబొమ్మలు: మీ ఓనరు రోలాండ్‌సన్‌ని చూసుంటాడంటారా?

సముద్రపుగాలి: వెటకారం ఆపండి సార్. ఏసీ గదిలో కూర్చుని ఎన్నయినా చెప్తారు.

సిరాచుక్క: ఏసీ గది కాదండీ. మా నాన్న హార్బరులో కలాసీ. జీతాల రోజు సాయంత్రం అమ్మ నన్ను సారాకొట్టుకి పంపేది, జేబులో మిగిలింది తెమ్మని. నెల మొత్తంలో నాన్న నవ్వగా చూసింది అక్కడే. ఆ బొమ్మలో నాకు ఆయన కనిపిస్తాడు.

సముద్రపుగాలి: మీకు మీ నాన్న కనిపిస్తాడమ్మా. షిల్లింగు పెట్టి కొన్నవాడికి తాగుబోతు కనిపించాడు. నేనంటున్నది అదే.

సిరాచుక్క: వాడికి ఏం కనిపించిందో నాకెందుకు? వాడి కోసం ఆ బొమ్మ గీయకుండా ఉండాల్సిందా?

పాతబొమ్మలు: 1797 సంగతి ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.