బోరు నీళ్లకు ట్యాంకు లేని గీజర్ పనికొస్తుందా?

ప్రశ్న (ఉప్పల్, హైదరాబాద్):
మేము మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తున ఉంటున్నాము. మా 15 లీటర్ల పాత గీజర్ అడుగున తుప్పు పట్టి నీరు కారుతుంటే విప్పించాము. లోపల కాయిల్ కనబడనంతగా తెల్లటి సున్నం పెచ్చులు కట్టి ఉంది. మాకు వాడుకకు బోరు నీళ్లే ఆధారం. పొద్దున గంటలోపు నలుగురమూ బకెట్ స్నానాలు ముగించుకోవాలి. ఒక దుకాణంలో 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ (నీళ్లను అప్పటికప్పుడు కరెంటుతో కాచేది) చాలునన్నారు, మరొకచోట గ్యాస్ గీజర్ మేలన్నారు. ఏది తీసుకోవాలో, ఎలా కాపాడుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
ముందు లెక్క చూద్దాం. చలికాలంలో 20 డిగ్రీలున్న నీటిని 40 డిగ్రీలకు తేవాలంటే, 3 కిలోవాట్ల హీటరు 20 లీటర్ల బకెట్‌కు తొమ్మిది పది నిమిషాలు తీసుకుంటుంది. నలుగురికీ కలిపి నలభై నిమిషాల దాకా పడుతుంది కాబట్టి మీ గంటలో ఇరుకుగా సరిపోతుంది. కుళాయి పూర్తిగా తిప్పితే మాత్రం గోరువెచ్చని నీళ్లే వస్తాయి. ధార నిమిషానికి రెండు లీటర్లకు అటూ ఇటూగా ఉంచుకోవాలి. ఇది సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. అందుకని 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, విడిగా ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తింగ్, వీటితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే కొనండి. ఫ్యాను ప్లగ్గుకు తగిలించే పని అసలే పెట్టుకోవద్దు.

రెండవ సమాధానం:
గ్యాస్ గీజర్ బకెట్‌ను మూడు నాలుగు నిమిషాల్లో నింపుతుందన్నది నిజమే. అయితే ఒక్క మాట గట్టిగా చెప్పాలి: దానిని బాత్రూములో బిగించనివ్వకండి. మా తమ్ముడి ఇంట్లో అలాగే బిగించారు. ఒక చలికాలపు ఉదయం కిటికీ కూడా మూసుకుని స్నానం చేస్తూ మా మరదలు స్పృహ తప్పి పడిపోయింది. బకెట్ దొర్లిన చప్పుడు విని తలుపు పగలగొట్టబట్టి ప్రాణం దక్కింది. గాలి చాలక మంట సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. బయట బాల్కనీలోనో, గాలి ధారాళంగా ఆడే వాష్ ఏరియాలోనో బిగించి, వేడి నీటిని పైపు ద్వారా లోపలికి తెచ్చుకోండి.

అడిగినవారు:
మాకు వెనుకవైపు తెరిచిన వాష్ ఏరియా ఉంది. ట్యాంకు మాత్రం మా స్లాబు మీదే ఉంది. నీటి ఒత్తిడి చాలుతుందా?

మూడవ సమాధానం:
అక్కడే చిక్కు. ట్యాంకు ఎత్తు ప్రతి మీటరుకూ ఒత్తిడి సుమారు 0.1 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) మాత్రమే పెరుగుతుంది. నీటి ధార చాలకపోతే గ్యాస్ గీజర్ అంటుకోదు. అందువల్ల పెట్టె మీద రాసిన కనీస ఒత్తిడిని మీ ట్యాంకు ఎత్తుతో పోల్చి చూసుకున్నాకే డబ్బు కట్టండి.

ఏది కొన్నా సున్నం తప్పదు. గ్యాస్ గీజర్ రాగి గొట్టాలు సన్ననివి కనుక త్వరగా పూడుకుంటాయి. మా ఇంట్లో ఆరు నెలలకొకసారి శుభ్రం చేస్తాము. గ్యాసూ నీళ్లూ కట్టేసి, గీజర్ చల్లారాక రెండు పైపులూ విప్పి, లీటరు గోరువెచ్చని నీటిలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గరాటుతో పోస్తాము. లోపల బుసబుసమని నురగ పొంగుతుంది. అరగంటకు వంపి, మళ్లీ పోసినప్పుడు నురగ రాకపోతే గొట్టం శుభ్రమైనట్టే; తరువాత మంచినీటితో బాగా కడిగేస్తాము. బాత్రూములు కడిగే యాసిడ్ వాడితే రాగినే తినేస్తుంది. నీళ్లు లోపలికి వచ్చే చోటి జల్లెడను నెలకొకసారి విప్పి ఇసుక దులపండి. మంట నీలంగా కాక పసుపుగా కనబడితే వాడకం ఆపి మెకానిక్‌ను పిలవండి.

మీ ఇంటి వరకైతే, ఒత్తిడి సరిపోతే వాష్ ఏరియాలో గ్యాస్ గీజర్, లేదంటే ఇన్‌స్టంట్ గీజరే నా సలహా.